ఆఖరి గంట ఎవరికి?

ఫిబ్రవరి 11, ఆదివారం

సంగీతోత్సవం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. ఈ ఏడాది బ్యాండ్లను ఎంపిక చేసే కమిటీలో నన్నూ వేశారట. పంతొమ్మిదేళ్లుగా పెద్ద వేదిక ముందు సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చుంటున్నాను కదా, ఏ బ్యాండు ఎలా వాయిస్తుందో నాకంటే బాగా విన్నవాళ్లు ఊళ్లో లేరట. పొగడ్తకి పడిపోయే వయసు కాదు నాది. అయినా పడిపోయాను.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాను. "నాలుగో అంతస్తు మా అన్నయ్య బ్యాండు. డ్రమ్స్ వాయించేది మా ఆయన. వాళ్ల మాట వచ్చినప్పుడు నేను లేచి బయటికి వెళ్తాను."

"అందరికీ ఎవరో ఒకరు ఉన్నారమ్మా. అలా లేస్తూ పోతే గదిలో కుర్చీలే మిగులుతాయి," అన్నాడు.

నవ్వొచ్చింది. సరేనన్నాను.

ఫిబ్రవరి 12

మా ఆయనకి చెప్పాను. "మంచిదే" అన్నాడు, చెక్క చిత్రిక పట్టడం ఆపకుండా.

ఫిబ్రవరి 20, మంగళవారం

మొదటి సమావేశం. లైబ్రరీ మీది గది. రెండు కిటికీల్లో ఒకటి తెరుచుకోదు, ఒకటి మూసుకోదు. ఐదుగురం: అధ్యక్షుడు, టికెట్ల వ్యవహారం చూసే ఆయన, రేడియో ఎనౌన్సరు, సంగీతం మాస్టారు, నేను.

మూడు రోజుల ఉత్సవంలో మిగతా గంటలన్నీ అరగంటలో పంచేశాం. ఆదివారం సాయంత్రం ఆఖరి గంట దగ్గరకొచ్చేసరికి మూడు గంటలు పట్టింది, అయినా తేలలేదు. ఈసారి ఆ గంటని ఒక రికార్డింగ్ సంస్థ మొత్తం రికార్డు చేసి విడుదల చేస్తుందట. అందుకే ఇంత పట్టుదల.

మిగిలినవి రెండు పేర్లు. ఒకటి నాలుగో అంతస్తు. రెండోది తడి అగ్గిపెట్టె, నలుగురు అమ్మాయిలు, నాలుగేళ్ల బ్యాండు.

టికెట్లాయన లెక్క సూటిగా ఉంది. "అమ్మాయిలకి జనం వస్తారు. ముసలాళ్లకి జనం ఉన్నచోటే కూర్చుంటారు. అంతే తేడా."

అధ్యక్షుడికి అది నచ్చలేదు. "మనకి గొడుగుల కింద వందమంది కూడా లేని రోజుల్లో వచ్చి వాయించారయ్యా వాళ్లు. అది మర్చిపోదామా?"

"అప్పుడు వచ్చినందుకు దండం పెడదాం. ఆఖరి గంట ఇవాళ ఎవరు బాగా వాయిస్తున్నారో వాళ్లది," అన్నారు మాస్టారు.

ఎనౌన్సరు రెండు వైపులా ఊగుతోంది. బస్టాపు దాకా నడిచేటప్పుడు జనం ఏ పాట కూనిరాగం తీస్తారో ఆ బ్యాండుకి ఇవ్వాలంటుంది. ఎవరిది తీస్తారు అంటే చెప్పలేదు.

నేనేం మాట్లాడలేదు. రెండు బ్యాండ్లూ నా చెవుల్లో ఉన్నాయి. నిజం చెప్పాలంటే... రేపు రాస్తాను.

ఫిబ్రవరి 25, ఆదివారం

అన్నయ్య పొద్దున్నే సంచీ నిండా నారింజలతో వచ్చాడు. మామూలుగా నన్ను "ఏమే" అంటాడు. "చిన్నీ" అన్నాడంటే ఏదో పని పడిందన్నమాట. ఇవాళ గుమ్మంలోనే "చిన్నీ" అన్నాడు.

ఆయన ఇంటి వెనక షెడ్డులో ఎవరిదో తలుపు చెక్క నున్నగా చేస్తున్నాడు. అన్నయ్య ఆ చప్పుడు వింటూ గొంతు తగ్గించాడు.

"బావ చెయ్యి చూశావా? కప్పు పట్టుకుంటే వణుకుతోంది."

"ఈ మధ్య పని ఎక్కువైంది."

"పనికేముందే, ముప్పై ఏళ్లుగా చేస్తున్నదే. ఇంకెన్నాళ్లు వాయించగలడో తెలీదు. ఇరవై ఆరేళ్లు! నేను, మీ వదిన, పొడుగోడు, బావ. ఒక్కసారైనా ఆఖరి గంట మాది కాలేదు. నాకోసం అడగట్లేదు చిన్నీ. బావ ఒక్కసారి అక్కడ కూర్చోవాలి. అది చూస్తే చాలు నాకు."

"నేను అలా చెయ్యెత్తను అన్నయ్యా. ఎవరు తగినవాళ్లయితే వాళ్లకే."

"మేం తగమా?"

టీ పెట్టడానికి లేచాను.

వెళ్తూ వెళ్తూ షెడ్డులోకి తొంగి చూసి, "వస్తా బావా," అన్నాడు. ఆయన పని ఆపాడు గానీ తలెత్తలేదు. చెక్క మీద ధ్యాస ఉంటే అంతే, పక్కన పిడుగు పడ్డా వినపడదు.

మార్చి 1

ఆయన పక్కగదిలో మంచం మీద దిండు పెట్టుకుని డ్రమ్ము కర్రలతో సాధన చేస్తున్నాడు. ఇంట్లో ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో. గుమ్మం దాకా వెళ్లి, పలకరించకుండా వచ్చేశాను. అడగడు. ఆయన ఎప్పుడూ ఏదీ అడగడు. కానీ ఎంత ఆశ పెట్టుకున్నాడో దిండే చెబుతోంది.

మార్చి 3

స్కూలు ఆడిటోరియంలో నాలుగో అంతస్తు ప్రోగ్రాం. మిక్సర్ దగ్గర నేనే. బాగా జరిగింది. ఆయన డ్రమ్స్ కొంచెం తగ్గించాను. హాలు చిన్నది కదా.

మార్చి 6, మంగళవారం

తేలిపోయింది. ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. ఆఖరి గంట నాలుగో అంతస్తుది.

నేను ఇంతసేపు మాట్లాడగలనని నాకే తెలియదు. "ఈ ఊళ్లో ఎన్ని బ్యాండ్లు పుట్టి చీలిపోయాయో మీకు తెలుసు. పేరు మిగులుతుంది, మనుషులు మారిపోతారు. వీళ్లలో ఇరవై ఆరేళ్లుగా ఒక్క మనిషి మారలేదు. మొదటి రోజు కూర్చున్న నలుగురే ఇవాళా కూర్చుంటున్నారు. పెళ్లిళ్లయ్యాయి, జబ్బులు చేశాయి, ఉద్యోగాలు పోయాయి. నలుగురూ నలుగురిలానే ఉన్నారు. ఆఖరి గంట అలాంటివాళ్లకి కాకపోతే ఎవరికి?" అన్నాను.

"నిలబడ్డందుకే ఇవ్వాలంటే గోడలకి ఇవ్వాలమ్మా," అన్నారు మాస్టారు. టికెట్లాయన పకపకా నవ్వాడు.

కానీ ఎనౌన్సరు కళ్లు చెమర్చాయి. అది చూశాక ఇంక నెగ్గుతామని తెలిసింది. నెగ్గుతామని కాదు, నెగ్గుతారని.

నవంబరులో టౌన్‌హాల్లో అమ్మాయిల ప్రోగ్రాం ఎలా జరిగిందని ఎనౌన్సరే అడిగింది. ఆ రోజు మిక్సర్ దగ్గర నేనున్నాను కాబట్టి. రెండు పాటల్లో శ్రుతి తప్పారు, పెద్ద వేదికకి ఇంకా టైముంది అన్నాను. నేను విన్నదే చెప్పాను.

ఆయనకి చెప్పగానే చాలాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత, "నువ్వు కష్టపడ్డావు," అన్నాడు. సంతోషంతో మాట రాలేదు పాపం.

మార్చి 7

నేను విన్నదే చెప్పాను.

మార్చి 22

పోస్టర్లు వచ్చాయి. నాలుగో అంతస్తు అన్నిటికంటే పైన, అరచేతంత అక్షరాలతో. తడి అగ్గిపెట్టె ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి, మూడో వరసలో. వాళ్ల గిటార్ అమ్మాయి బస్టాపులో కనపడింది. "మీ వాళ్లకి వచ్చిందటగా అక్కా, మంచిదే," అంది. ఆ పిల్లకి వెటకారం తెలియదు. అందుకే బస్సు ఎక్కేశాను, అది నా బస్సు కాకపోయినా.

మార్చి 31

పార్కులో వాయించారు. డ్రమ్స్ తగ్గించాను. గాలి ఎక్కువగా ఉంది.

ఏప్రిల్ 9, సోమవారం

బ్యాండ్లన్నీ స్టేజీ ప్లాన్లు పంపుతున్నాయి. ఎవరు ఎక్కడ నిలబడతారు, ఏ వాయిద్యం దగ్గర ఎన్ని మైకులు పెట్టాలి అని గీసి పంపే కాగితం అది. నాలుగో అంతస్తుది వదిన గీస్తుంది. కీబోర్డు వాయించేదీ, లెక్కలు చూసేదీ, అన్నయ్యని వేళకి నిద్రలేపేదీ ఆవిడే.

ఈసారి వదిన పొరపాటు చేసింది. మా ఆయనది ఎడమచేతి వాటం. ఆయన డ్రమ్ సెట్టు అందరి సెట్టుకీ తిరగేసి ఉంటుంది, అద్దంలో చూసినట్టు. కాలితో తొక్కే జంట తాళాలు కుడివైపుంటాయి. ప్లానులో ఎడమవైపు గీసింది. ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 10

దిద్ది తిరిగి పంపాను. "నిద్రమత్తులో గీశావా వదినా?" అని కింద రాశాను. "సరే" అని ఒక్క మాట వచ్చింది. పని ఒత్తిడిలో ఉన్నట్టుంది.

ఏప్రిల్ 13

రెండో ప్లాను వచ్చింది. జంట తాళాలు మళ్లీ ఎడమవైపే. కింద అన్నయ్య చేతిరాత: "కుడిచేతి సెట్టు. దయచేసి మార్చొద్దు."

ఆయన కుడిచేత్తో వాయించడం నేర్చుకుంటున్నాడేమో. చేతి వణుకు వల్ల. అలా కూడా చేస్తారు.

ఏప్రిల్ 14, శనివారం

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి ఇంకోలా గుర్తుంటుంది.

మధ్యాహ్నం మూడింటికి ఆయన కర్రలు సంచిలో పెట్టుకుని "సాధనకి వెళ్తున్నా" అన్నాడు. మంగళ, శనివారాలు వెళ్తాడు. నాలుగింటికి నేనూ బయల్దేరాను. ఎలా కూర్చుంటాడో కళ్లారా చూసి మైకులు రాసుకోవాలని.

వాళ్లు సాధన చేసేది పాత బట్టల గోదాము నాలుగో అంతస్తులో. పేరు దానివల్లే వచ్చింది. లిఫ్టు పనిచేయదు. మొదటి అంతస్తు దగ్గరే డ్రమ్స్ వినపడ్డాయి. రెండో అంతస్తులో ఆగిపోయాను. ఎక్కడా జారడం లేదు. గీత గీసినట్టుంది తాళం. పదేళ్ల కిందట కూడా ఆయన ఇంత బాగా వాయించలేదు. ఆ దిండు మీద ఎంత కష్టపడ్డాడో అనుకున్నాను. మెట్ల మీద ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను, సంతోషంతో. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

నాలుగో అంతస్తులో తలుపు అద్దంలోంచి చూశాను. డ్రమ్స్ దగ్గర వేరే మనిషి. సినిమా స్టూడియోల్లో వాయించే ఆయన, ముప్పై అయిదేళ్లుంటాయి. నాకు తెలిసినవాడే.

లోపలికి వెళ్లాను. అన్నయ్య గిటార్ దించాడు.

"ఆయనేడీ?" అన్నాను.

"ఎవరు?"

"ఎవరేంటన్నయ్యా! గంట కిందట ఇక్కడికనే బయల్దేరాడు."

పొడుగోడు బేస్ గిటార్ తీగలు తుడవడం మొదలుపెట్టాడు, అప్పుడే గుర్తొచ్చినట్టు. చివరికి వదినే అంది, కీబోర్డు వైపు చూస్తూ.

"అన్నయ్యగారు జనవరి నుంచీ సాధనకి రావట్లేదమ్మా. ముందే ఒప్పుకున్న చిన్న ప్రోగ్రాంలకి మాత్రం వచ్చి వాయించారు."

"నువ్వుండవే!" అని అరిచాడు అన్నయ్య. తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని బయటికి మెట్ల మీదికి తీసుకొచ్చాడు. "చూడు చిన్నీ. రికార్డింగువాళ్లు వస్తున్నారు. ఒక్కసారి రికార్డయితే అది ఎప్పటికీ ఉంటుంది. బావ తాళం జారుతోంది. నీకు తెలీదా? మిక్సర్ దగ్గర కూర్చుని సర్దుతోంది ఎవరు?"

"నారింజలు పట్టుకొచ్చి నాతో ఏం చెప్పావు? బావ ఒక్కసారి అక్కడ కూర్చోవాలి అన్నావు."

"అలా అనకపోతే నువ్వు కదిలేదానివా?"

"ఆయనకి తెలుసా?"

"బావకి తెలియకుండా ఎలా ఉంటుందే! జనవరిలోనే మాట్లాడుకున్నాం. నీకు చెప్పొద్దని బావే అన్నాడు."

నాలుగు అంతస్తులు ఎలా దిగానో గుర్తులేదు.

అన్నయ్య అబద్ధం ఆడుతున్నాడు. తప్పు తనమీద పడకుండా ఆయన మీదికి తోస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, గాజుగ్లాసు తను పగలగొట్టి నా పేరు చెప్పేవాడు.

ఆరింటికి ఆయన ఇంటికొచ్చాడు. "సాధన ఎలా జరిగింది?" అన్నాను.

"బాగుంది," అన్నాడు.

ఏప్రిల్ 15

అన్నయ్య అబద్ధం ఆడుతున్నాడు.

ఏప్రిల్ 17, మంగళవారం

మూడింటికి సంచి తీసుకుని వెళ్లాడు. ఆరింటికి వచ్చాడు.

"సాధన?"

"బాగుంది."

ఏప్రిల్ 22, ఆదివారం

ఇవాళ అడిగాను. షెడ్డులో, పొద్దున పదింటికి. చెక్కపొట్టు మధ్య స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"మంగళవారాలూ శనివారాలూ మీరు ఎక్కడికి వెళ్తున్నారు?"

కోపం వస్తే ఆయన్ని "మీరు" అంటాను. మామూలుగా నువ్వే. ఆ "మీరు" వినగానే ఉలి కింద పెట్టేశాడు. తెలిసిపోయింది.

"బస్సులో కూర్చుంటున్నాను. ఆఖరి స్టాపు దాకా వెళ్లి, అదే బస్సులో తిరిగి వస్తున్నాను. కండక్టరుకి అలవాటైపోయింది. ఎక్కడికని అడగడు."

"ఎప్పట్నుంచి?"

"జనవరి."

అన్నయ్య అబద్ధం ఆడలేదు. అంతకంటే అబద్ధమాడి ఉన్నా బాగుండేది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మాకోసం వాదించేదానివా?"

"మాకోసమా? అందులో మీరు లేరు కదా!"

"నేను లేకపోయినా అది నా బ్యాండే. పేరు పెట్టింది నేను. ఆఖరి గంట దానికి రావాలని ఇరవై ఆరేళ్లు ఎదురుచూశాను. నేను వాయిస్తున్నాననుకుంటేనే నువ్వు గట్టిగా మాట్లాడతావని మీ అన్నయ్య అన్నాడు. నిజమే అనిపించింది. సరే అన్నాను."

"మరి ఆ దిండు? ఆ దిండు మీద వాయించింది ఎవరికోసం?"

ఒళ్లో పడ్డ చెక్కపొట్టు దులుపుకున్నాడు.

"మొదట నువ్వు వినాలనే. తర్వాత... తర్వాత ఊరికే."

ఆ మాటకి నాలో ఏదో తెగిపోయింది. గుమ్మం దాకా వెళ్లి చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చిన నా మొహం నాకు కనపడింది. ఎంత మురిసిపోయాను! వాళ్లిద్దరూ కూర్చుని నా ప్రేమని తూకం వేసి, ఇంత బరువుంటుంది, ఈ పనికి సరిపోతుంది అని లెక్క కట్టుకున్నారు. లెక్క తప్పలేదు కూడా.

"నేను ఆ గదిలో ఒక్క మనిషీ మారలేదని ప్రమాణంలా చెప్పాను. ఎనౌన్సరు కళ్లనీళ్లు పెట్టుకుంది," అన్నాను.

"తెలుసు. ఆ రోజు నువ్వొచ్చి చెబుతుంటే నోటిదాకా వచ్చింది."

"రావడం కాదు, చెప్పాలి."

అప్పుడు ఆయనా గొంతు పెంచాడు. ఇన్నేళ్లలో పెంచడం రెండోసారో మూడోసారో. "నువ్వు చెప్పావా? మిక్సర్ దగ్గర నన్ను తగ్గిస్తున్నావని నాకు తెలీదనుకున్నావా? రెండేళ్ల కిందటి రికార్డింగు విన్నాను. అందరూ ముందున్నారు. నేను పక్కింట్లో వాయిస్తున్నట్టున్నాను. నువ్వు మూడేళ్లు చెప్పలేదు. నేను మూడు నెలలు."

"మీ పరువు పోకూడదని చేశాను. రెండూ ఒకటేనా?"

ఆయన ఉలి అంచు మీద వేలు రాస్తూ ఉండిపోయాడు.

"కాదు. నాదే పెద్దది," అన్నాడు.

పోట్లాడితే ఇంకా పోట్లాడేదాన్ని. ఒప్పుకున్నాడు. స్టూలు వెనక్కి తోసి లేచాను.

ఏప్రిల్ 23

వంట చేయలేదు. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 24

నవంబరులో టౌన్‌హాల్లో అమ్మాయిలు రెండు పాటల్లో శ్రుతి తప్పారు. అది నేను విన్నదే. ఎందుకు తప్పారో కమిటీకి చెప్పలేదు.

వాయించేవాళ్ల కాళ్ల దగ్గర చిన్న స్పీకర్లు పెడతాం, వాళ్ల పాట వాళ్లకి వినపడటానికి. అవి లేకపోతే హాలు హోరులో సొంత గొంతు కూడా వినపడదు, చెవులు మూసుకుని పాడినట్టే. ఆ రోజు మొదటి రెండు పాటలకి అవి పనిచేయలేదు. వైరు నేను తప్పు చోట గుచ్చాను. గిటార్ అమ్మాయి పాట మధ్యలో నావైపు చూసి చెవి చూపించింది. చూస్తానన్నట్టు తలూపాను. మూడో పాటకి సరిచేశాను. ఆ తర్వాత వాళ్లు పాడింది విని హాలు లేచి నిలబడింది. ఆ సంగతీ కమిటీకి చెప్పలేదు.

ఫిబ్రవరి 20న "నిజం చెప్పాలంటే" అని రాసి ఆపేశాను. నిజం ఏంటంటే ఆఖరి గంట ఆ అమ్మాయిలది. మొదటి సమావేశం నాడే నాకు తెలుసు. ఆయనకోసం తీసి ఇచ్చాను. ఆయనకి అక్కర్లేని దాన్ని.

నన్ను మోసం చేశారని పదిరోజులుగా కుమిలిపోతున్నాను. చేశారు. ఆ మాట కొట్టేయను. కానీ నేను చేసినదానికి నన్నెవరూ మోసం చేయలేదు.

ఏప్రిల్ 25, బుధవారం

గిటార్ అమ్మాయి కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. వెళ్లేసరికి ఎవరో పెద్దాయనకి జోడు సరిచేస్తోంది. ఆయన వెళ్లేదాకా ఆగాను.

అంతా చెప్పాను. మధ్యలో ఆపలేదు. పాత జోడు ఒకటి చేతిలోకి తీసుకుని తుడుస్తూ విన్నది.

"వైరు సంగతి మాకు తెలుసక్కా. వినపడట్లేదని చెవి చూపించాను కదా. పొరపాట్లు అందరికీ అవుతాయనుకున్నాం. కమిటీలో మీరున్నారని తెలిసినప్పుడు మా వాళ్లకి నేనే ధైర్యం చెప్పాను. అక్కకి తెలుసు, అక్క చెబుతుంది అన్నాను."

"కమిటీ ముందు చెబుతాను. రేపే."

"చెప్పండి. అది మీరూ వాళ్లూ చూసుకోండి." జోడు అద్దాల పెట్టెలో పెట్టి మూసింది. "ఒక్కటే అడుగుతాను. మేం ఏ గంటకి వాయించినా సరే, మిక్సర్ దగ్గర మీరు కూర్చోవద్దు."

"అలాగే."

"కోపంతో కాదక్కా. వాయిస్తూ మీవైపు చూడలేను."

కోపంతో అన్నా ఇంత తగిలేది కాదు.

ఏప్రిల్ 26

లైబ్రరీ మీది గది. నిలబడే చెప్పాను. వైరు సంగతి, డ్రమ్స్ మనిషి మారిన సంగతి. రాజీనామా కాగితం బల్ల మీద పెట్టాను, కమిటీకీ మిక్సర్‌కీ కలిపి.

అధ్యక్షుడు తల పట్టుకున్నాడు. "పోస్టర్లు ఊరంతా అంటించాం. ఈ మాట ఈ నాలుగు గోడల మధ్యే ఉంచుదాం."

"ఉంచితే నేనూ లేస్తున్నాను," అన్నారు మాస్టారు.

ఎనౌన్సరు నావైపు చూడకుండా మాట్లాడింది. "నీ మాట మీద చెయ్యెత్తాను. ఇంటికెళ్లి మా అమ్మకి కూడా చెప్పాను, ఇలాంటి మనుషులున్నారని." తర్వాత నావైపు చూసింది. చూడకపోయినా బాగుండేది.

నన్ను బయట కూర్చోమన్నారు. లైబ్రరీ మెట్ల మీద ముప్పావు గంట. మాస్టారు దిగి వచ్చి చెప్పారు. ఆఖరి గంట తడి అగ్గిపెట్టెకి. నాలుగో అంతస్తుకి నాలుగింటికి. పోస్టర్ల మీద కాగితం ముక్కలు అంటిస్తారు.

"ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదమ్మా," అన్నారు. తిట్టలేదు. అంతే అన్నారు.

ఏప్రిల్ 28

అన్నయ్య వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి అరిచాడు.

"సొంత అన్న నోటి దగ్గర కూడు లాగేసే చెల్లెలు ఎక్కడైనా ఉంటుందా? స్టూడియో ఆయన నాలుగింటి ప్రోగ్రాంకి రానన్నాడు. రికార్డింగువాళ్లు మమ్మల్ని తీసేశారు. చల్లగా ఉందా నీకు?"

"నువ్వు నిజం చెప్పి అడిగి ఉంటే..."

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"మరింకేంటే!" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. చేసిన దాంట్లో తప్పేముందో అన్నయ్యకి అర్థం కాదు, ఎప్పటికీ. అది చూశాక కోపం చల్లారింది. కోపంతో పాటే ఇంకేదో కూడా చల్లారిపోయింది. అదేంటో తిరిగొస్తుందో లేదో తెలియదు.

ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు. "బావా, నువ్వైనా చెప్పు!" అని అరిచాడు అన్నయ్య.

"తను చేసింది సరైనదే," అన్నాడు ఆయన.

అన్నయ్య గేటు మూయకుండా వెళ్లిపోయాడు.

ఆయన నాకు ఇవాళ అండగా నిలబడ్డాడు. నేను తిరిగి చూడలేదు. జనవరిలో ఒక్క మాట చెప్పి ఉంటే ఇవాళ నిలబడాల్సిన అవసరమే ఉండేది కాదు.

మే 13, ఆదివారం

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి టికెట్టు కొనుక్కుని జనంలో నిలబడ్డాను. నాలుగింటికి వేదిక ఖాళీ. నాలుగో అంతస్తు రాలేదు. ఎవరూ గొడవ చేయలేదు. జనం ఆ అరగంటలో కూల్‌డ్రింకులు తాగారు. ఇరవై ఆరేళ్ల బ్యాండు లేని లోటు అంత చిన్నదని తెలిసి నాకే దుఃఖం వచ్చింది.

ఆఖరి గంట అమ్మాయిలది. మిక్సర్ దగ్గర పక్క ఊరి ఆవిడ. మొదటి పాటలో గిటార్ మరీ ముందుకొచ్చేసింది, నా వేళ్లు వాటంతటవే కదిలాయి. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. రెండో పాటకి ఆవిడే సర్దుకుంది. మూడో పాట నుంచి నేను దేన్నీ సర్దాలనుకోలేదు. విన్నాను. అంత బాగా వాయించారు. పక్కనున్న ఇద్దరు ముసలివాళ్లు చెప్పులు విప్పేసి గెంతారు.

గిటార్ అమ్మాయి నన్ను చూసిందో లేదో తెలియదు. చూడనట్టే ఉంది.

ఇంటికొచ్చేసరికి ఆయన మెలకువగా ఉన్నాడు. "వాళ్లు తగినవాళ్లేనా?" అన్నాడు.

"తగినవాళ్లే."

తలూపాడు. దిండు చంకలో పెట్టుకుని పక్కగదిలోకి వెళ్లాడు. పదిహేను రోజులుగా అక్కడే పడుకుంటున్నాడు.

మే 19, శనివారం

మధ్యాహ్నం ఆయన షెడ్డులోంచి పిలిచాడు. చెక్కలన్నీ ఒక మూలకి జరిపి డ్రమ్ సెట్టు బిగించుకున్నాడు. నాకు స్టూలు వేశాడు.

"వాయిస్తాను. విని ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నాడు.

నాకు వెళ్లాలనిపించలేదు. క్షమించానని ఇక్కడ రాస్తే అదో అబద్ధమవుతుంది, ఈ పుస్తకంలో ఇప్పటికే చాలా ఉన్నాయి. రాత్రి ఆయన దగ్గినప్పుడు లేచి మంచినీళ్లు ఇవ్వాలనిపిస్తుంది. లేవను. అలా ఉంది మా సంగతి.

అయినా కూర్చున్నాను.

వాయించాడు. మధ్యలో మైకుల్లేవు, మిక్సర్ లేదు, తగ్గించడానికి నా చేతిలో ఏమీ లేదు. మూడేళ్లలో మొదటిసారి ఆయన్ని మొత్తం విన్నాను. ఎడమచెయ్యి ఇంకా బంగారం. కుడిచెయ్యి అలసిపోతోంది, అలసిన చోట తాళం వెనక్కి పోతోంది, దాన్ని అందుకోవాలని తొందరపడి మళ్లీ ముందుకు దూకుతున్నాడు. చెమటలు పట్టాయి. ఆపాడు.

"చెప్పు."

"జారుతోంది."

"ఎక్కడ?"

"చరణం మొదట్లో. పల్లవికి తిరిగొచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ."

మొహం మాడిపోయింది. కర్రలు ఒళ్లో పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చున్నాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. నేనే లేవబోయాను.

"ఇంకా ఎక్కడ?" అన్నాడు.

కూర్చున్నాను. ఒక్కొక్కటే చెప్పాను.